ఆవిడ తలుపు తియ్యకపోతే...

సాక్సఫోను అంటే మనలో చాలామందికి పెళ్ళి ఊరేగింపే గుర్తుకు వస్తుంది. బాండుమేళంలో, పెట్రోమాక్సు దీపాల వెలుగులో, ఇత్తడి తొండంలా తళతళలాడుతూ సినిమాపాట ఊదే వాద్యం అది. తరవాత కద్రి గోపాలనాథ్‌గారు దాన్ని కచేరీ వేదిక ఎక్కించి కర్ణాటక సంగీతం పలికించారు గనుక దాని పరువు పెరిగింది. ఇక పియానో సంగతికి వస్తే, పాత సినిమాల్లో జమీందారుగారి అమ్మాయి దాని ముందు కూర్చుని పాడుతూ వుండగా చూడడమే తప్ప, మన ఇళ్ళలో దానికి చోటు లేదు.

ఈ రెండు వాద్యాలూ ఒకదానితో ఒకటి ముప్పైమూడేళ్ళు చేసిన సహవాసం గురించి చెప్పబోతున్నాను. వాయించినవాళ్ళు అమెరికావాళ్ళు. వాళ్ళ సంగీతం జాజ్. అయినా ఈ కథలో స్వరాలకన్నా అలకలు ఎక్కువ, తాళంకన్నా తలుపు ముఖ్యం. అంచేత సంగీతం తెలియని పాఠకులు పేజీ తిప్పెయ్యనక్కరలేదు.

అయిదు అక్షరాల పాట

నాకు జాజ్ తెలియదు. నాకు తెలిసింది వయొలిన్. అదైనా, కాకినాడలో పగలు గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు గురువుగారి అరుగుమీద నేర్చుకున్నవాడికి ఎంత తెలుస్తుందో అంతే. శ్రీరామనవమి పందిళ్ళలోనూ, నవరాత్రులలోనూ వాయించేవాణ్ణి.

రెండేళ్ళ కిందట, చలికాలంలో, నేనూ మా ఆవిడా కనెక్టికట్ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట వున్నాము. ఒకనాడు అల్లుడు కారులో ఎక్కడికో తీసుకు వెడుతూ ఏదో పాట పెట్టాడు. అలవాటు చొప్పున మోకాలిమీద ఆదితాళం వేశాను. కుదరలేదు. రూపకం వేశాను. అదీ కుదరలేదు. ఎంత వేసినా నా చెయ్యి ఒకచోట పడుతోంది, వాళ్ళ పాట మరొకచోట పడుతోంది.

"ఏం లెక్కపెడుతున్నారు మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు నవ్వుతూ.

అప్పుడు తట్టింది. అయిదు! మన ఖండచాపు. అయితే మనం 'తక తకిట' అంటాం కదా, వాళ్ళు తిరగేసి 'తకిట తక' అంటున్నారు.

ఆ పాట పేరు 'టేక్ ఫైవ్'. న్యూయార్కులో 1959 జులై 1న రికార్డు చేశారు. సాక్సఫోను వాయించినవాడు పాల్ డెస్మండ్, పాట కట్టినవాడూ అతనే. పియానో వాయించినవాడు డేవ్ బ్రూబెక్. డ్రమ్ములు జో మోరెల్లో, బాస్ యూజీన్ రైట్. మేళం పేరు డేవ్ బ్రూబెక్ క్వార్టెట్, అనగా నలుగురి జట్టు.

"ఆ పియానో ఆయన కాపురం వున్న విల్టన్ మన రాష్ట్రంలోనే మామయ్యగారూ," అన్నాడు అల్లుడు.

ఇంటికి వెళ్ళాక మళ్ళీ పెట్టించుకుని విన్నాను. రెండోసారి వింటూంటే ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. పాట అయిదు నిమిషాలు దాటి సాగుతుంది. అందులో సాక్సఫోను హాయిగా విహరిస్తుంది. తరవాత డ్రమ్ములు తమ విద్య అంతా చూపిస్తాయి. పియానో మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే చిన్న మాటను, రెండే రెండు స్వరగుచ్ఛాలను, తిప్పి తిప్పి అంటూనే వుంటుంది. ఒక్కసారి కూడా ముందుకు రాదు. జట్టుకు యజమాని, పేరు తనది, బొమ్మ తనది. అటువంటివాడు తోటివాడి పాటలో తంబురా మీటేవాడిలా ఎందుకు కూర్చున్నాడు?

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెడితే ఈ కథ దొరికింది.

పశువుల కాపరి కొడుకు, సినిమాహాలు వాద్యగాడి కొడుకు

బ్రూబెక్ 1920 డిసెంబరు 6న కాలిఫోర్నియాలో పుట్టాడు. తండ్రికి పశువుల వ్యాపారం. తల్లి పియానో టీచరు. కొడుకు పశువుల డాక్టరు కావాలని కాలేజీకి వెళ్ళాడు గాని, మనసంతా సంగీతం క్లాసుమీదే వుండేది. చివరికి సంగీతంలోకే మారాడు. అక్కడొక చిక్కు వచ్చింది. అతను చెవితో విని వాయించడమే తప్ప, కాగితంమీద రాసిన స్వరాలు చదవలేడని మేష్టర్లు కనిపెట్టారు. పట్టా ఇవ్వమన్నారు. కొందరు అడ్డుపడ్డారు. ఆఖరికి, జన్మలో ఎవరికీ సంగీతపాఠం చెప్పనని మాట తీసుకుని 1942లో పట్టా ఇచ్చి పంపారు! ఆ ఏడే తోటి విద్యార్థిని అయోలాను పెళ్ళి చేసుకున్నాడు. ఈ అయోలాగారిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

డెస్మండ్ 1924 నవంబరు 25న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. అసలు ఇంటిపేరు బ్రైటెన్‌ఫెల్డ్. డెస్మండ్ అన్న పేరు టెలిఫోను డైరెక్టరీలోంచి ఏరుకున్నానని హాస్యమాడేవాడు. తండ్రి మూగచిత్రాల రోజుల్లో సినిమాహాళ్ళలో బొమ్మకు తగ్గట్టు ఆర్గన్ వాయించేవాడు. కొడుకు సన్నగా, పొడుగ్గా, దళసరి కళ్ళద్దాలతో, చేతిలో ఎప్పుడూ ఏదో పుస్తకంతో, సంగీతగాడిలా కాక కాలేజీ లెక్చరరులా వుండేవాడు. ఒకసారి పెళ్ళి చేసుకున్నాడు, రెండేళ్ళలో విడిపోయింది. ఆ తరవాత ఒంటిగాడే.

అతని వాద్యం ఆల్టో సాక్సఫోను. ఆ కాలంలో తక్కిన సాక్సఫోనువాళ్ళంతా వేగం కోసం పందెం వేసుకుంటూ వుంటే, ఇతను మాత్రం మెల్లగా, తేటగా, పక్కగదిలో పసిపాప నిద్రపోతోందేమో అన్నట్టు ఊదేవాడు. తన వాద్యం డ్రై మార్టినీ అనే పానీయంలా పలకాలని కోరుకున్నానన్నాడు. మన ఇళ్ళలో చెప్పాలంటే, రోహిణీకార్తె మధ్యాహ్నం కొత్తకుండలోంచి ముంచిన నీళ్ళు అనుకోండి.

బ్రూబెక్ పియానో దీనికి పూర్తిగా ఎదురు. పదివేళ్ళూ ఒక్కసారిగా మోపి పెద్ద పెద్ద స్వరగుచ్ఛాలు మోగించేవాడు. గిట్టనివాళ్ళు సుత్తిదెబ్బలన్నారు. ఒకడు ఇల్లూ, పిల్లలూ, దైవభక్తీ కలవాడు. రెండోవాడు రాత్రులు మేలుకుని, సిగరెట్లు కాల్చుకుంటూ, స్నేహితులతో చమత్కారాలాడుతూ కాలక్షేపం చేసేవాడు. వీరిద్దరూ ఎక్కడ కలిశారంటే, యుద్ధంలో. 1944లో శాన్ ఫ్రాన్సిస్కో సైనిక స్థావరంలో డెస్మండ్ మిలిటరీ బాండులో వుండేవాడు. సముద్రం దాటి యూరపు వెళ్ళవలసిన బ్రూబెక్ అక్కడ ఒక్కరోజు పియానో వాయించాడు. అంతే పరిచయం.

మొహం చూడనన్న కోపం

యుద్ధం ముగిసింది. ఇద్దరూ తిరిగి శాన్ ఫ్రాన్సిస్కోలోనే తేలారు. కలిసి వాయించారు. వాయించిన మొదటి రాత్రులలోనే, ఒకరి మనసులో మాట మరొకరికి ముందే తెలిసిపోతోందని ఇద్దరికీ అర్థమైంది. కాని సంగీతం కలిసినంత మాత్రాన డబ్బు విషయం కలవాలని లేదు గదా!

డెస్మండ్‌కు ఒక క్లబ్బులో పని దొరికింది. బ్రూబెక్‌ను జీతానికి పెట్టుకున్నాడు, అదీ తక్కువ జీతానికి. ఆపైన 1949లో మరొకచోట మంచి బేరం వస్తే జట్టులో బ్రూబెక్‌ను వదిలేసి చక్కాపోయాడు. పోతే పోయాడు, ఆ పాత క్లబ్బు పనైనా తనకు వదిలిపెట్టమని బ్రూబెక్ అడిగాడు. దానికీ ఒప్పుకోలేదు. ఇద్దరు పసిపిల్లలు, అద్దె ఇల్లు, చేతిలో పని లేదు. బ్రూబెక్ ఎంత సాధువో అంత పట్టుదల మనిషి. భార్యతో ఒకేమాట చెప్పాడు: ఆ డెస్మండ్ మళ్ళీ మన గడప తొక్కకూడదు.

తరవాత బ్రూబెక్‌కు రోజులు తిరిగాయి. ముగ్గురితో సొంత జట్టు కట్టాడు. రేడియోలో వాళ్ళ కచేరీ వచ్చేది. ఎక్కడో తూర్పున మరొకరి బాండులో వాయిస్తూన్న డెస్మండ్ చెవిన అది పడింది. తను వదులుకున్నదేమిటో అప్పుడు తెలిసి వచ్చింది కాబోలు, తిరిగి శాన్ ఫ్రాన్సిస్కో వచ్చి, నేరుగా బ్రూబెక్ ఇంటి తలుపు తట్టాడు.

ఆ వేళకు బ్రూబెక్ పెరటివైపు పిల్లల గుడ్డలు ఆరవేస్తున్నాడు. తలుపు తీసినావిడ అయోలా. భర్త ఆజ్ఞ ఆవిడకు గుర్తు లేకపోలేదు. కాని గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం చూసింది. లోపలికి రానిచ్చింది. వెనక్కి వెళ్ళి, పాల్ వచ్చాడు, నువ్వు చూడాలి, అని భర్తకు చెప్పింది.

డెస్మండ్ వరసగా మొర పెట్టుకున్నాడట. నన్ను జట్టులో చేర్చుకో, పిల్లల్ని ఆడిస్తాను, కారు కడుగుతాను, నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను అని. చేతిలో తడిగుడ్డతో నిలబడ్డవాడికి కోపం ఎంతసేపు నిలుస్తుంది? బ్రూబెక్ మెత్తబడ్డాడు.

మా అమ్మాయి ఇంట్లో ఈ ఘట్టం నేను బయటికి చదువుతూంటే మా ఆవిడ కూర తరుగుతూ వింటోంది. కత్తి ఆపి, "అయితే ఆవిడ మొగుడి మాట వినలేదన్నమాట," అన్నది. ఆ మాట ఎందుకన్నదో నాకు తెలుసు. ఆ సంగతి చివర చెబుతాను.

జీవితంలో తీసివెయ్యరాని మనిషి

1951లో బ్రూబెక్ సకుటుంబంగా హవాయి ద్వీపాలకు కచేరీలకు వెళ్ళాడు. సముద్రస్నానానికి దిగి కెరటంలోకి దూకబోయి ఇసుకమేటకు కొట్టుకున్నాడు. మెడ దెబ్బతిన్నది. పక్షవాతం వస్తుందేమోనని డాక్టర్లు భయపడ్డారు. వారాల తరబడి ఆస్పత్రిలో పడుకున్నాడు. అక్కణ్ణుంచే డెస్మండ్‌కు ఉత్తరం రాశాడు, నేను లేచి వచ్చేసరికి నలుగురి జట్టుకు మనుషుల్ని చూసి పెట్టమని. వేళ్ళు చాలాకాలం పూర్వంలా పరుగెత్తలేదు గనుకనే బ్రూబెక్ స్వరగుచ్ఛాలమీద మరింత ఆధారపడ్డాడని అంటారు. పరుగంతా డెస్మండ్‌కు వదిలిపెట్టాడన్నమాట.

ఈసారి మాత్రం మొహమాటం లేకుండా కాగితం రాసుకున్నారు. జట్టుకు నాయకుడు బ్రూబెక్. లాభంలో నూటికి 20 వంతులు డెస్మండ్‌వి. అన్నిటికన్నా వింతైన షరతు మరొకటి వుంది: డెస్మండ్‌ను ఏ కారణంచేతా ఎప్పటికీ పనిలోంచి తీసివెయ్యరాదు. ఒకనాడు గడప తొక్కకూడదన్న మనిషిని జీవితాంతం తీసివెయ్యనని రాసి ఇచ్చాడు బ్రూబెక్. మన పెళ్ళిళ్ళలో కూడా ఇంత గట్టి ప్రమాణం వుందంటారా?

పని కావాలి. తాగుడు క్లబ్బుల్లో తెల్లవార్లూ వాయిస్తే సంసారం నడవదు. అప్పుడు అయోలాగారు మరో పని చేసింది. పడమటి తీరంలోని కాలేజీలకు, నూరింటికి పైగా, స్వయంగా ఉత్తరాలు రాసింది, మా వాళ్ళచేత మీ విద్యార్థులకు కచేరీ చేయిస్తారా అని. ఆనాటికి జాజ్‌ను కాలేజీ హాలులో కూర్చుని వినే అలవాటు లేదు. ఆ ఉత్తరాలతో దారి పడింది. 1953లో ఓబర్లిన్ కాలేజీలో చేసిన కచేరీ రికార్డుగా వచ్చి దేశమంతా వినబడింది. 1954 నవంబరులో 'టైమ్' పత్రిక బ్రూబెక్ బొమ్మ ముఖచిత్రంగా వేసింది. ఆ పత్రిక తెచ్చి హోటలు గది తలుపు తట్టి చేతికిచ్చినవాడు జాజ్ మహావిద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్. బ్రూబెక్ సంతోషించలేదు, సిగ్గుపడ్డాడు. ఆ ముఖచిత్రం తనకన్నా ముందు ఎలింగ్టన్‌కు దక్కవలసిందని చివరిదాకా బాధపడుతూనే వుండేవాడు.

ఆ ముఖచిత్రంలో డెస్మండ్ లేడు. విమర్శకుల్లో చాలామందికి అతని సాక్సఫోనే ఇష్టం. ఆ సుత్తిదెబ్బల పియానోతో ఎందుకు వేగుతావని అడిగినవాళ్ళూ వున్నారు. అతను ఆ మాటలు చెవిన పెట్టలేదు. తను వాయించినవాటిలో మంచివి బ్రూబెక్ పక్కన వుండబట్టే వచ్చాయని అనేవాడు.

వాళ్ళ సంగీతం ఎలా నడిచేదో రెండు ముక్కల్లో చెబుతాను. జాజ్‌లో ముందు పల్లవివంటిది ఒకటి అందరూ కలిసి వాయిస్తారు. తరవాత దాని చట్రంలోనే ఒక్కొక్కరూ మనోధర్మం చూపిస్తారు. చివర మళ్ళీ పల్లవికి వస్తారు. మన కచేరీలో గాయకుడు ఒక సంగతి వేస్తే వయొలిన్ దాన్ని అనుసరించి వాయిస్తుంది. వీళ్ళు అలా కాక, ఇద్దరూ ఒకేసారి చెరొక పాటా అల్లుకుంటూ పోయి, ఎక్కడో ఎవరూ చెప్పకుండా కలిసి వాలేవారు. డెస్మండ్ మధ్యలో ఏదో పాత సినిమాపాట ముక్క దూర్చి హాస్యమాడితే, బ్రూబెక్ మరో ముక్కతో బదులిచ్చేవాడు. రాత్రికి రాత్రి జంటకవుల అవధానం అనుకోండి.

మద్రాసు మృదంగం

1958లో అమెరికా ప్రభుత్వం ఈ జట్టును దేశాలు తిరగమని పంపింది. పోలండు, టర్కీ, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన దేశం, సిలోను తిరిగారు. బొంబాయిలో అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌గారి సితారు విన్నారు. మద్రాసులో పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారి మృదంగం విన్నారు. ఆ లయ విన్న డ్రమ్ముల మోరెల్లో ముగ్ధుడయ్యాడు. కలకత్తా పేరు మీద బ్రూబెక్ ఒక పాట కూడా కట్టాడు.

ఇస్తాంబూల్ వీధుల్లో వాద్యగాళ్ళు తొమ్మిది లెక్కలో వాయిస్తూంటే బ్రూబెక్ ఆగిపోయి విన్నాడు. మన సొల్లులో చెబితే 'తక తక తక తకిట'. ఆ లెక్కమీద ఒక పాట కట్టాడు. అప్పటికి జాజ్ అంతా దాదాపు నాలుగు అక్షరాలమీదే నడిచేది. మనకు అయిదూ, ఏడూ, తొమ్మిదీ తాతలనాటి ఆస్తి గాని, వాళ్ళకు అది సాహసం. అలా వింత లెక్కల పాటలతో ఒక రికార్డు చెయ్యాలని సంకల్పించి, డెస్మండ్‌ను అయిదు అక్షరాల పాట ఒకటి కట్టి తెమ్మన్నాడు.

డెస్మండ్ రెండు ముక్కలు తెచ్చాడు. రెంటికీ పొంతన లేదు. బ్రూబెక్ ఒకదాన్ని పల్లవిగానూ, రెండోదాన్ని మధ్యభాగంగానూ అమర్చాడు. పేరు కూడా అతనే పెట్టాడు. అదే 'టేక్ ఫైవ్'. మోరెల్లో డ్రమ్ములకు అవకాశం ఇవ్వడానికి కట్టిన పాట గదా, ఎవరు కొంటారు దీన్ని అనుకుని, దాని హక్కులు ఒక పాత ఎలక్ట్రిక్ షేవరుకు మార్చేద్దామనుకున్నానని డెస్మండ్ తరవాత నవ్వుతూ చెప్పేవాడు. కంపెనీ పెద్దలు కూడా సందేహించారు. 'టైమ్ అవుట్' అన్న ఆ రికార్డు 1959 చివర వచ్చింది. నాట్యానికి పనికిరాదన్న ఆ పాటను 1961 నాటికి ఊరూరా ఈలవేసి పాడుకున్నారు. జాజ్ రికార్డులలో పదిలక్షలు అమ్ముడైన మొదటిది ఇదే అంటారు. ఆ పాటకు మాటలు కూర్చడంలో కూడా అయోలాగారి చెయ్యి వుంది.

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ పాటలో బ్రూబెక్ ఎందుకు ముందుకు రాడంటే, తను ఆ రెండు గుచ్ఛాలూ వదిలితే మిగిలినవాళ్ళు కాలు మోపే నేల వుండదు. అయిదు లెక్క కొత్త. ఒకడు నేలగా వుంటేనే మరొకడు ఎగరగలడు.

తన జట్టువాళ్ళకోసం నిలబడడం అతనికి సంగీతంలోనే కాదు. 1960లో దక్షిణాది కాలేజీలలో సుమారు 25 కచేరీలు కుదిరాయి. బాస్ వాయించే యూజీన్ రైట్ నల్లజాతివాడు, అతని బదులు తెల్లవాణ్ణి తెస్తేనే కచేరీ అన్నారు. బ్రూబెక్ వీల్లేదన్నాడు. ఇరవైకి పైగా కచేరీలు పోయాయి. పోతే పోనీ అన్నాడు.

విడిపోయి కలిసినవేళ

1967 డిసెంబరు 26న పిట్స్‌బర్గులో ఆఖరి కచేరీ చేసి ఆ జట్టు విడిపోయింది. పోట్లాట ఏమీ లేదు. బ్రూబెక్‌కు పెద్ద పెద్ద బృందగానాలు రాసుకోవాలని కోరిక, ఇంటిపట్టున వుండి ఆరుగురు పిల్లల్ని చూసుకోవాలని ఆశ. డెస్మండ్ పుస్తకం రాస్తానన్నాడు. విమానంలో పరిచారిక అడిగిన ప్రశ్ననే దానికి పేరుగా అనుకున్నాడు: మీ క్వార్టెట్‌లో ఎంతమంది? అని. ఒక్క అధ్యాయం మాత్రం రాసి 'పంచ్' పత్రికకు ఇచ్చాడు. అంతటితో సరి.

విడిపోయినా ఆ ఇంటికి రాకపోకలు మానలేదు. 1975లో ఒక ఓడ ప్రయాణంలో ఇద్దరూ వున్నారు. డ్రమ్ములు లేవు, బాస్ లేదు, ఉన్నది పియానో ఒకటి, సాక్సఫోను ఒకటి. ప్రయాణికులకోసం అలాగే ఇద్దరే వాయించారు. విన్నవాళ్ళు కదలలేదట. ఆ ఏడే ఇద్దరే కూర్చుని ఒక రికార్డు చేశారు. '1975: ది డ్యూయెట్స్' అని దాని పేరు.

నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది అదే. తాళం వేసేవాడు లేడు. ఒకరి ఊపిరే మరొకరికి తాళం. సుత్తిదెబ్బలన్నారే, ఆ చేతులు ఇందులో ఎంత నెమ్మదిగా పడతాయో! డెస్మండ్ ఒక వాక్యం పలికి ఆగుతాడు. బ్రూబెక్ వెంటనే అందుకోడు. ఆ కాస్త ఖాళీని అలా వుండనిస్తాడు. పెళ్ళయి యాభైఏళ్ళయిన దంపతులు సాయంత్రం వరండాలో కూర్చుని, నాలుగు మాటలకు ఒక మాట ఆడుకుంటూ వుంటారే, అలా వుంటుంది.

మరుసటి ఏడు నలుగురూ మళ్ళీ కలిసి, జట్టు పుట్టి ఇరవైఅయిదేళ్ళయిందని దేశం తిరిగారు. ఆ ఏడే డెస్మండ్‌కు ఊపిరితిత్తుల కాన్సర్ అని తేలింది. అంత తాగినా తన లివరు మాత్రం దివ్యంగా వుందని డాక్టర్లు మెచ్చుకున్నారని స్నేహితులను నవ్వించాడు. 1977 ఫిబ్రవరిలో న్యూయార్కులో బ్రూబెక్ పక్కన నిలబడి ఆఖరిసారి వాయించాడు. మే 30న పోయాడు. వయసు 52.

'టేక్ ఫైవ్' మీద వచ్చే రాబడి అంతా అమెరికా రెడ్‌క్రాస్‌కు రాసి ఇచ్చాడు. ఏటా సుమారు లక్ష డాలర్లు వాళ్ళకు ముడుతూ వచ్చిందంటారు. పాత షేవరుకు మార్చేద్దామనుకున్న పాట అది!

బ్రూబెక్ ఆ తరవాత ముప్పైఅయిదేళ్ళు బ్రతికాడు, చివరిదాకా వాయించాడు. కచేరీలలో ఆ పాట అడగని ఊరు లేదు. డెస్మండ్ లేని లోటు తీరలేదని అడిగినప్పుడల్లా చెప్పేవాడు. 2012 డిసెంబరు 5న, మరునాడు 92వ పుట్టినరోజనగా కన్నుమూశాడు. డెబ్భైఏళ్ళు కాపురం చేసిన అయోలాగారు 2014లో పోయింది.

మా ఇంటి తలుపు

మా ఆవిడ అన్న మాట సంగతి చెబుతానన్నాను.

నాకూ ఒక జంట వుండేవాడు. మృదంగం వాయించేవాడు. పిళ్ళైగారిలాగే ఎడమచేతివాటం. అందుకని పళనిగారి పేరెత్తితే చాలు, దణ్ణం పెట్టేవాడు. పన్నెండేళ్ళు కలిసి వాయించాం. 1986 నవరాత్రులలో నా కచేరీ ఒకటి కుదిరింది. సాయంత్రం ఆరయింది, ఆరున్నర అయింది, అతను రాలేదు. పక్క ఊరికి పెద్ద విద్వాంసుడు ఎవరో వస్తే, ఆయన పక్కన వాయించే అవకాశం దొరికిందని, కబురైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. మృదంగం లేకుండా వేదికమీద నేను పడ్డ అవమానం నాకే తెలుసు.

రెండు నెలల తరవాత ఒకనాటి సాయంత్రం వచ్చి తలుపు తట్టాడు. నేను లోపలి గదిలో వున్నాను. "లేనని చెప్పు," అన్నాను మా ఆవిడతో. చెప్పింది. అతను కాసేపు గుమ్మంలోనే నిలబడి, "పిల్లకివ్వమ్మా," అని కాజాల పొట్లం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. "నాచేత అబద్ధం ఆడించారు," అని మాత్రం అన్నది మా ఆవిడ. ఆ కాజాలు తిన్న పిల్లే ఇప్పుడు కనెక్టికట్‌లో వుంటోంది.

ఇండియా తిరిగి వచ్చిన నెలలోనే వాకబు చేశాను. అతను రాజమండ్రిలో కొడుకు దగ్గర వుంటున్నాడని తెలిసింది. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. తలుపు తట్టాను. తట్టాక, ఇప్పుడు నాకు చెప్పవలసిన జవాబు "ఆయన లేరు" అన్నదే కదా అనిపించి కాళ్ళు వణికాయి.

అతని భార్య తలుపు తీసింది. ఒక్క క్షణం పోల్చుకోలేదు. తరవాత, "రండి అన్నయ్యగారూ, ఎండలో వచ్చారు," అని పక్కకు జరిగింది.

అతను పడకకుర్చీలో వున్నాడు. కుడిచెయ్యి సరిగా స్వాధీనంలో లేదు. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. పాత సంగతి నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. మా ఆవిడా, ఆవిడా వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను ఫోను తీసి ఆ అయిదు అక్షరాల పాట పెట్టాను.

కళ్ళు మూసుకుని విన్నాడు. ఎడమచెయ్యి కుర్చీ చేతిమీద మెల్లగా లేచింది. నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి మొహం చిట్లించాడు.

"ఒరే, ఖండచాపును తిరగేశాడ్రా వీడు," అన్నాడు.